గౌరి కాలెత్తలేదు

రాగి అంబలిని మూడుసార్లు వడగట్టాలి. మొదట జల్లెడలో, తర్వాత పలచటి గుడ్డలో, చివర అదే గుడ్డను రెండు మడతలు పెట్టి. పొట్టు ఒక్కటి మిగిలినా పళ్ళకు చుట్టిన తీగల్లో ఇరుక్కుని రెండు రోజులు అక్కడే కుళ్ళుతుంది. పుష్పావతి ఈ పని ఇంట్లో అందరి వంటా అయ్యాక చేసుకునేది. ముందు మామకు సంగటి ముద్ద, మొగుడికి చారు, ఆదివారమైతే కోడికూర. మసాలా ఆమే నూరాలి. ఉప్పు చూడడానికి నోరు తెరుచుకోదు కాబట్టి పులుసు వేలితో పెదవి లోపల రాసుకుని చూసేది. తినలేని మనిషి చేత వండించకూడదని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. మామ శివప్ప మంచం మీద పడుకునే, విరిగింది దవడ కదా, చేతులు కాదు కదా అన్నాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. చేతులు నిజంగానే విరగలేదు.

విరిగింది కింది దవడ, ఎడమ వైపు. విరగ్గొట్టింది పాల క్యాను. క్యాను పట్టుకున్న చెయ్యి ఆమె మొగుడు చంద్రుది.

తమిళనాడులో హోసూరు పక్క ఉద్దనపల్లిలో వాళ్ళ ఇల్లు. ఇంటి వెనక కొట్టం, కొట్టంలో గౌరి అనే ఆవు. పుష్పావతి తెల్లవారుజామునే లేచి గౌరిని పిండి, వంట చేసి, కంపెనీ వ్యాను ఎక్కి మూకండపల్లి పోయేది. అక్కడ బండ్లకు వైరింగు కట్టే కంపెనీలో రోజంతా నిలబడి తీగలు జతచేయడం ఆమె పని. సాయంత్రం వచ్చి మళ్ళీ పిండేది. ఆ రోజు కంపెనీలో రెండు గంటలు ఎక్కువ పని చేయించుకున్నారు. ఇల్లు చేరేసరికి ఏడు దాటింది. పొదుగు రాయిలా గట్టిపడి గౌరి అరుస్తోంది. పాల సొసైటీ మూసేశారు. చంద్రు మూడు గంటలకే పని నుంచి వచ్చి, కొట్టం వైపు అరుగు మీద ఫోను చూస్తూ కూర్చుని ఉన్నాడు. పుష్పావతి చీర కుచ్చిళ్ళు దోపుకుంటూ ఒక్క మాట అంది.

"ఒక పూట నువ్వు పిండకూడదా?"

గొంతు పెంచలేదు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు. చంద్రు చేతికందిన ఖాళీ క్యాను తీసి విసురుగా కొట్టాడు. చెవి లోపల పచ్చి కట్టె విరిగిన చప్పుడు వినిపించింది. అది బయట ఎవరికీ వినిపించి ఉండదు. ఆమె కింద కూర్చుంది. కొట్టంలో గౌరి అరుపు ఆపి ఇటు చూసింది.

అత్త మారక్క వంటింట్లో నుంచి వచ్చింది. కోడలి నోట్లో నుంచి కారుతున్న రక్తాన్ని, కొడుకు చేతిలో క్యానును చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. కొడుకు చేతిలోని క్యాను తీసి తొట్టి దగ్గర బోర్లించింది. "ఆవు తన్నింది," అంది. "ఎవరడిగినా ఆవు తన్నింది." ఆ మాట ఎంత త్వరగా, ఎంత సిద్ధంగా వచ్చిందో పుష్పావతికి ఆ నొప్పిలో పట్టలేదు. తర్వాత పట్టింది.

హోసూరులో చూసి కృష్ణగిరి పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. అక్కడ అందరిదీ తమిళం. దవడలు చూసే డాక్టరమ్మ తేజస్విని మాత్రం తెలుగు మనిషి, ఆంధ్ర నుంచి వచ్చింది. ముందు ఎక్స్‌రే ఫిల్ము తీయాలంది. చెవి కమ్మలు, ముక్కుపుడక, మెళ్ళో ఉన్నవి అన్నీ తీసేయాలి. తాళి దగ్గర మారక్క అడ్డం పడింది. మొగుడు బతికుండగా తాళి తీసేది యాడన్నా ఉందా అంది. ఫిల్ము తీసే ఆయన రోజూ వినే మాటే అన్నట్టు, తీయకపోతే బొమ్మలో అదే వచ్చి ఎముక మీద పడుతుందమ్మా, విరిగిన చోటు కనపడదు అన్నాడు. మారక్క తాళిని కోడలి మెడలో నుంచి తానే తీసి, పిడికిట్లో పెట్టుకుని, ఫిల్ము అయ్యేదాకా ఆ పిడికిలి విప్పలేదు.

కంప్యూటరు తెర మీద పుష్పావతి తన దవడను చూసుకుంది. గుర్రపు నాడాలాగా వంపు తిరిగిన తెల్లటి ఎముక. అందులో వరసగా పళ్ళు, పళ్ళ వేళ్ళు. తన లోపల ఇంత చక్కని వస్తువు ఉందని ఆమెకు ముప్పై ఏళ్ళుగా తెలియదు. ఎడమ వైపు, చివరి పంటికి కొంచెం ఇవతల, ఆ తెలుపును కోస్తూ ఒక నల్లటి గీత. కుండ మీద బీటలాగా ఉంది.

డాక్టరమ్మ ఎలా జరిగిందని అడిగింది. ఆవు తన్నింది మేడం అని చంద్రు చెప్పాడు. డాక్టరమ్మ అతని వైపు చూడలేదు. నువ్వు చెప్పు అని పుష్పావతిని అడిగింది. నోటి నిండా రక్తం, దూది. పోనీ రాస్తావా అని పెన్ను, కాగితం ఇచ్చింది. చంద్రు చెయ్యి పుష్పావతి భుజం మీద ఉంది. ఓదార్చే చెయ్యిలాగే ఉంది. ఆమె పెన్ను తీసుకోలేదు.

డాక్టరమ్మ రాసుకుంది. రాసింది పైకి చదివింది. "ఆవు తన్నిందని భర్త చెప్పారు అని రాశాను. దీని కింద పేషెంటు చెప్పింది అని ఇంకో లైను ఉంది. అది ఖాళీగా ఉంచుతున్నా. ఆరు వారాలకు తీగలు విప్పుతాను. ఆ రోజు నోరు తెరిచి నువ్వే చెబుదువుగాని."

పై పళ్ళను, కింది పళ్ళను కలిపి తీగలతో బిగించింది. బిగించాక ఒక చిన్న కటింగ్ ప్లేయరు చేతిలో పెట్టింది. అది పడుకున్నా లేచినా దగ్గరే ఉండాలి అంది. వాంతి వచ్చి ఊపిరి ఆడకపోతే ఈ నాలుగు చోట్ల కత్తిరించాలి. వేరే దేనికీ తీగలను ముట్టకూడదు. పళ్ళ సందుల్లోంచి కొద్దిగా మాట్లాడొచ్చు గాని ఎంత తక్కువైతే అంత మంచిది. కంపెనీలో రోజూ పట్టుకునే పనిముట్టే అది. పుష్పావతి దాన్ని మొలలో దోపుకుంది.

లేవబోయేముందు చేత్తో సైగ చేసి అడిగింది, ఇది ఎట్లా అతుక్కుంటుందని. డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకుంది. విరిగిన రెండు కొసల మధ్య ఇప్పుడు రక్తం నిండి ఉంది, అది గడ్డకడుతుంది అంది. ఆ గడ్డలోకి సన్నటి రక్తనాళాలు పాకుతాయి. రెండు మూడు వారాల్లో అది చెవి తమ్మెలాగా మెత్తని వంతెన అవుతుంది. తర్వాత ఆ మెత్తని దానిలోకి సున్నం దిగుతుంది. ఆరు వారాలకు ఎముక అవుతుంది గాని ముతక ఎముక, అక్కడ ఉబ్బుగా ఉంటుంది. ఆ పైన నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా, ఎక్కువైనది కొరుక్కుంటూ, తక్కువైన చోట పోసుకుంటూ పాత ఆకారానికి తెచ్చుకుంటుంది. "నేను చేసేది ఏమీ లేదమ్మా. కదలకుండా పట్టుకోవడం వరకే నాది. అతికించేది నువ్వే."

అతికించేది నువ్వే. తిరుగు బస్సులో ఆ మాటను పుష్పావతి నోరు కదపకుండా చాలాసార్లు అనుకుంది.

ఇంటికి వచ్చాక మారక్కే మొదటిసారి అంబలి పట్టించింది. వేడిగా కాదు, గోరువెచ్చగా. గ్లాసు పెదవులకు ఆనించలేదు. చివరి పంటి వెనక, బుగ్గ లోపల చిన్న సందు ఉంటుంది. తలను ఒక పక్కకు వంచి, చెంచా కొసను ఆ సందు దగ్గర పెట్టి కొద్దికొద్దిగా జారవిడిచింది. మింగేటప్పుడు గడ్డం కింద రెండు వేళ్ళు ఆనించి పట్టుకుంది. ఒక్క చుక్క పొలమారలేదు. ఆసుపత్రిలో నర్సు చెప్పినదాని కంటే ఇది నయంగా ఉంది. రాత్రి పడుకునేటప్పుడు పాత పంచె చించి, గడ్డం కింద నుంచి నడినెత్తికి తీసుకొచ్చి ముడి వేసింది. ముడి చెవికి తగలకుండా ఎక్కడ వేయాలో ఆమె వేళ్ళకు తెలుసు. ఇదంతా ఈమెకు ఎట్లా తెలుసు అని పుష్పావతి కళ్ళతోనే అడిగింది. మారక్క దీపం ఆర్పేసింది. మర్నాటి నుంచి వంట మళ్ళీ పుష్పావతిదే.

రెండో వారం నుంచి కంపెనీకి పోయింది. లైను చూసే యోగేష్ ఆమె మూతికున్న తీగలను వంగి చూసి, ఆడవాళ్ళందరికీ ఇట్లా వేయిస్తే ప్రొడక్షను ఎక్కడికో పోతుంది అన్నాడు. మగవాళ్ళు నవ్వారు. ఆడవాళ్ళలోనూ కొందరు నవ్వారు, నవ్వకపోతే ఏమవుతుందో తెలుసు కనుక. పక్కన నిలబడి పనిచేసే సింధు మాత్రం నవ్వలేదు. ఆ పిల్లది తెలంగాణ, మూకండపల్లిలో రూము తీసుకుని ఒక్కతే ఉంటుంది. మధ్యాహ్నం పుష్పావతిని గోడ పక్కకు పిలిచి, స్ట్రా ఉన్న సీసాలో పలచటి పప్పుకట్టు ఇచ్చింది. "అక్కా, ఆవు అని నాకు చెప్పకు. మా ఊళ్ళో మా అక్కను మెట్లు తన్నినయి. నా రూముల ఇద్దరికి జాగ ఉంది, అంతే చెప్తున్న," అంది. వెంటనే పనిలోకి పోయింది.

ఇంట్లో పుష్పావతి పళ్ళ సందుల్లోంచి రెండు మాటలు అనబోతే, ఏమి గొణుగుతుందో అర్థం కాదని శివప్ప విసుక్కున్నాడు. ఆమె మానేసింది. మానేశాక ఇల్లు చల్లగా ఉందని ఆయనే అన్నాడు. ఆమె ముందు అన్నీ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, చెవులు కూడా తీగలతో బిగించి ఉన్నట్టు. చంద్రును ఫ్యాక్టరీలో పర్మనెంట్ చేస్తున్నారు. పోలీసు వెరిఫికేషను ఉంటుంది. ఆసుపత్రి కాగితంలో ఆ ఖాళీ లైనులో ఏమి పడుతుందో అదే ఇప్పుడు ఇంట్లో పెద్ద విషయం. చంద్రు హార్లిక్స్ డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. కొట్టినందుకు ఒక్క మాట అనలేదు. "ఆ లైన్లో కూడా ఆవే అని చెప్పేయ్. నీకేమి పోతుంది?" అన్నాడు. మారక్క గిన్నెలు సర్దుతూ, వాని పని పోతే నీ పొయ్యి కూడా ఆరిపోతుందమ్మా, మాట ఒక్కటి మింగితే ఇల్లు నిలబడుతుంది అంది. పుష్పావతి ఇద్దరి వైపూ చూసింది. తల ఊపలేదు. అడ్డంగా కూడా ఊపలేదు.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. ఆ రోజుల్లో ఆమె మనసు వాళ్ళ మాటల మీద లేదు. లోపల జరుగుతున్నదాని మీద ఉంది. మొదటి రోజుల్లో గౌరి దగ్గర కూర్చుని పిండడానికి ముందుకు వంగితే విరిగిన కొసలు రెండూ ఒకదానికొకటి రాసుకునేవి. కిర్రుమనే ఆ చప్పుడు చెవి వెనక నుంచి మెదడులోకి పోయేది. ఒళ్ళు జలదరించేది. ఆమె రోజులు లెక్కపెట్టుకుంటూ వచ్చింది. పదిహేనో రోజు చప్పుడు తగ్గింది. పందొమ్మిదో రోజు ఉదయం పొదుగు కింద బిందె సగం నిండాక, ఏదో మరిచిపోయినట్టు అనిపించి ఆగింది. ఏమిటది అని వెతుక్కుంది. చప్పుడు. చప్పుడు లేదు. మళ్ళీ వంగి చూసింది. లేదు. గౌరి డొక్కకు నుదురు ఆనించి అట్లాగే కూర్చుండిపోయింది. ఎవరు చేశారు ఇది? తను నిద్రపోతున్నప్పుడు, ముద్ద తిప్పుతున్నప్పుడు, వ్యానులో నిలబడి పోతున్నప్పుడు, యోగేష్ నవ్విస్తున్నప్పుడు, ఎవరూ చెప్పకుండా, ఎవరినీ అడగకుండా లోపల ఎవరో ఒక వంతెన కడుతూనే ఉన్నారు. అంబలి నీళ్ళు, పాలు, ఎండలో నిలబడిన కాసేపు, ఇంతే ఇచ్చింది తను. ఆ ఇచ్చిన కాస్తలోంచే సున్నం ఏరి తీసుకుని, సరిగ్గా ఆ గీత దగ్గరికే మోసుకుపోయి పోస్తున్నారు. ఒక్క పూట ఆగలేదు. ఈ ఇంట్లో కంటికి కనపడకుండా పనిచేసేది తనొక్కతే అని ఇన్నాళ్ళూ అనుకుంది. తన లోపల ఇంకొకటి ఉంది, అది తనకంటే గట్టిది. తను ఎనిమిదేళ్ళు చేసిన పనంతా ఇంకొకరి కడుపులోకి పోయింది. ఇది మాత్రం తన కోసం. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుఃఖం కాదు. కొండ ఎక్కి మొదటిసారి కిందికి చూసినప్పుడు వచ్చేలాంటివి. గౌరి మెడ తిప్పి ఆమె వీపు నాకింది.

నాలుగో వారం చూపించుకోవడానికి అత్తాకోడళ్ళే పోయారు. చంద్రుకు సెలవు దొరకలేదు. డాక్టరమ్మ తెర మీద కొత్త ఫిల్ము పెట్టింది. నల్లటి గీత ఇంకా ఉంది. పుష్పావతి తెర దగ్గరకు వంగింది. డాక్టరమ్మ నవ్వి, వేలితో దవడ నొక్కి చూసి, లోపల కట్టుకుంటోంది, ఫిల్ముకు ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది, గీత పోవడానికి నెలలు పడుతుంది, నువ్వు గీతను చూసి భయపడకు అంది. ఇంకో రెండు వారాలు తీగలు ఉండాల్సిందే అని, ఎందుకో చెప్పింది. "ఎముకకు వంకర, సూటి తెలియవమ్మా. దానికి తెలిసింది అతుక్కోవడం ఒక్కటే. మనం సరిగ్గా పెట్టకపోతే వంకరగానే అతుక్కుని, అంతే గట్టిగా అయిపోతుంది. ఆ తర్వాత గడ్డం ఒక పక్కకు పోతుంది. ఒక పక్కే నమలాలి. జీవితాంతం అంతే."

ఆసుపత్రి ఎదురుగా చిన్న ఓటలులో మారక్క ఇడ్లీ తింది. పుష్పావతి ఎదురుగా కూర్చుని నీళ్ళు పీల్చుకుంటూ చూసింది. ఎనిమిదేళ్ళుగా చూస్తున్న ముఖమే. గడ్డం ఎడమకు జరిగి ఉంటుంది. నోరు తెరిస్తే దవడ సూటిగా దిగదు, పక్కకు పోయి దిగుతుంది. ఇడ్లీ కూడా కుడి పక్కనే నములుతుంది. ముద్దనైతే నమలకుండా మింగేస్తుంది. బాలింతగా ఉన్నప్పుడు గాలి సోకి మూతి వంకర పోయిందని ఇంట్లో చెబుతారు. చంద్రు పుట్టిన ఏడాది అంట. పుష్పావతి చూస్తూనే ఉంది. గోరువెచ్చని అంబలి. చివరి పంటి వెనక సందు. పాత పంచె, చెవికి తగలని ముడి. ఆవు తన్నింది అన్న ఆ సిద్ధంగా ఉన్న మాట. నలభై ఏళ్ళ కిందట ఆ దవడను ఎవరూ కదలకుండా పట్టుకోలేదు. అయినా లోపల ఆ పని ఆగలేదు. అప్పుడూ ఎవరో సున్నం మోసుకొచ్చి పోస్తూనే ఉన్నారు, వంకరగా ఉన్నదాని మీదే, అంతే శ్రద్ధగా. ఆమెకు అత్త మీద జాలి కలగలేదు. అబద్ధం నేర్పిన మనిషి మీద అంత తొందరగా జాలి రాదు. కాని ఆ ముఖం నుంచి చూపు తిప్పుకోలేకపోయింది. మారక్క అది గమనించి కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. "ఏం చూస్తా ఉండావు?" అంది. పుష్పావతి గ్లాసు కింద పెట్టింది.

ఐదో వారం గౌరిని అమ్మాలన్నాడు చంద్రు. ఊళ్ళో అడుగుతున్నారంట, దవడ ఇరగ్గొట్టిన ఆవును ఇంకా పెట్టుకున్నారా అని. అబద్ధం నిలబడాలంటే ఆవు పోవాలి. రాయకోట వైపు నుంచి తిమ్మరాయప్ప అనే బేరగాడు వచ్చాడు. పెద్దమనిషి, తలపాగా, నోట్లో ఆకువక్క. గౌరి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పొదుగు పట్టి చూశాడు. పళ్ళు చూశాడు. ఆవుకేమీ వంక లేదు, పేరుకే వచ్చింది వంక అన్నాడు. ఊరంతా తన్నే ఆవని చెప్పుకుంటున్నప్పుడు సగం రేటు కంటే ఎవరూ ఇవ్వరు, అది కూడా తను కాబట్టి ఇస్తున్నానన్నాడు. చంద్రు సరే అనబోయాడు.

మారక్క పశువులు పెంచే ఇంట్లో పుట్టింది. గౌరి తల్లిని, ఆ తల్లి తల్లిని ఆమె చేతుల మీదే ఈనించింది. దూడగా ఉన్నప్పుడు గౌరికి పాలు చాలకపోతే వేలు చీకించి గంజి పట్టించింది. పెళ్ళిళ్ళలో కూడా ఆమె ఈ ఇంటి పశువుల సాధుగుణం గురించే చెబుతుంది. తన్నే ఆవు అన్న మాట తిమ్మరాయప్ప మూడోసారి అనేసరికి ఆమెకు ఒళ్ళు తెలియలేదు.

"ఏమి మాట్లాడతా ఉండావప్పా? నా కొట్టంలో పుట్టిన పశువు ఒక్కటీ మనిషి మీద కాలెత్తింది లేదు. గౌరి కాలు కింద చంటిపిల్లను పండబెట్టు, ఏమన్నా అయితే నన్నడుగు."

తిమ్మరాయప్ప ఆకువక్క నమలడం ఆపాడు. మారక్కను చూశాడు. చంద్రును చూశాడు. తర్వాత గడప దగ్గర నిలబడిన పుష్పావతిని, ఆమె పళ్ళ మీద మెరిసే తీగలను చూశాడు.

"అట్లయితే ఈ అమ్మ దవడ ఎవరు తన్నినట్టమ్మా?"

గౌరి తోకతో ఈగలు తోలుకుంటోంది. మారక్క నోరు సగం తెరుచుకుని, పక్కకు జరిగి, అట్లాగే ఉండిపోయింది. అందరి చూపూ మాట్లాడలేని మనిషి మీదకు వచ్చింది. పుష్పావతి చెయ్యి మొలలోని ప్లేయరు మీద పడింది. నాలుగు చోట్ల కత్తిరిస్తే చాలు. ఇక్కడే, అందరి ముందే, గట్టిగా చెప్పేయవచ్చు. ఐదు వారాల మాట గొంతు దాకా వచ్చింది. ప్లేయరు పిడి వేళ్ళకు చల్లగా తగిలింది. లోపల ఆ ముతక ఎముక ఇంకా ఆరని గోడలా ఉందని ఆమెకు తెలుసు. ఇంకో ఆరు రోజులు. ఇప్పుడు తెరిస్తే ఒక్క మాట కోసం దవడ పోతుంది. కట్టేవాళ్ళు లోపల కడుతున్నారు, వాళ్ళ పని తను పాడుచేయకూడదు. చెయ్యి తీసేసింది. కొట్టంలోకి నడిచి, గుంజకు కట్టిన గౌరి తాడును బేరగాడి చేతికి అందకుండా తన చేతికి చుట్టుకుని నిలబడింది.

తిమ్మరాయప్ప ఉమ్మి, తలపాగా సర్దుకున్నాడు. ఆవు మంచిదే చంద్రప్పా, తన్నే గుణం ఈ కొట్టంలో ఇంకెవరికో ఉన్నట్టుంది, నాకొద్దీ బేరం అని నవ్వుకుంటూ బండెక్కి పోయాడు. చంద్రు తల్లిని కొట్టలేదు. కొట్టబోయినట్టు చెయ్యి మాత్రం లేచింది. మంచం మీద నుంచి శివప్ప, ఆడదాని నోరు అని ఏదో అన్నాడు. మారక్క మొగుడి వైపు తిరిగి చాలాసేపు చూసింది. ఆ సాయంత్రం గౌరిని ఆమే పిండింది. అంబలి కూడా ఆమే వడగట్టింది, మూడుసార్లు.

ఆరు వారాలు నిండిన రోజు ముగ్గురూ కృష్ణగిరి పోయారు. చంద్రు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. దారి పొడవునా ఏమి చెప్పాలో చెప్పాడు. డాక్టరమ్మ గది దగ్గర అతన్ని ఆపింది. లోపల ఆడమనిషి తోడుంటే చాలు, మీరు బయట కూర్చోండి అంది. తలుపు వేసింది.

తీగలు ఒక్కొక్కటీ తెగాయి. చివరిది లాగేశాక, నెమ్మదిగా తెరువమ్మా అంది. పుష్పావతికి భయం వేసింది. ఆరు వారాలు మూసి ఉన్న తలుపు. ఒక వేలు పట్టేంత తెరుచుకుంది. బిగుసుకుపోయిన కండ లాగింది గాని ఎముక కదల్లేదు. సూటిగా దిగింది. డాక్టరమ్మ రెండు బొటనవేళ్ళు లోపల పెట్టి, విరిగిన చోటుకు అటూ ఇటూ పట్టుకుని వంచబోయింది. వంగలేదు. మళ్ళీ గట్టిగా వంచబోయింది. వంగలేదు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా నాకింకా ఆశ్చర్యమే అంది ఆమె, తనలో తాను అన్నట్టు. పుష్పావతి చేత్తో దవడ తడుముకుంది. చర్మం కింద చిన్న ఉబ్బు, గింజలాగా. తను కట్టింది. డాక్టరమ్మ చెప్పినట్టు, ఇంకో ఏడాది దాకా ఆ ఉబ్బును అరగదీసుకుంటూ నునుపు చేస్తూనే ఉంటుంది.

డాక్టరమ్మ పాత కాగితం తీసింది. ఖాళీ లైను మీద పెన్ను పెట్టి ఆగింది. నువ్వు చెప్పింది రాస్తే ఇది పోలీసులకు పోతుంది, ఆలోచించుకునే చెప్పు అంది.

పుష్పావతి గోడ దగ్గర నిలబడిన అత్తను చూసింది. మారక్క అడ్డం పడలేదు. కొంగు మూతికి అడ్డం లేదు.

మొదటి మాట గరగరగా వచ్చింది. నాలుక దారి వెతుక్కుంది. "ఆవు తన్నలేదు. నా మొగుడు చంద్రు పాల క్యాను తీసుకుని కొట్టినాడు. ఒక పూట నువ్వు పిండకూడదా అని అడిగినాను. అందుకు." చెప్పి, మూత బిగుసుకున్న డబ్బా తీసినప్పటిలా ఊపిరి వదిలింది.

డాక్టరమ్మ ఆ మాటలే రాసింది. ఇప్పుడు ఎక్కడికి పోతావని అడిగింది. మూకండపల్లిలో సింధు అని తోటిపిల్ల ఉంది, ఆ రూముకు పోతాను అంది పుష్పావతి. ఆ మాట పైకి అనేదాకా అది నిర్ణయం అని ఆమెకే తెలియదు.

తలుపు అవతల నుంచి చంద్రు కేకేశాడు, ఇంకా ఎంతసేపు, సాయంత్రం పాలెవరు పిండాలి అని.

పుష్పావతి లేచింది. తలుపు వైపు పోలేదు. డాక్టరమ్మ బల్ల దగ్గరికే పోయింది.

"అమ్మా, మా అత్తకు కూడా ఒక ఫిల్ము తీయండి."

డాక్టరమ్మ మారక్క ముఖం వైపు చూసింది. చూస్తూనే కుర్చీలో నుంచి లేచింది. మారక్క నేల చూపులు చూస్తూ నిలబడింది. వద్దంటుందని పుష్పావతి అనుకుంది. ముసలి చేతులు చెవుల దగ్గరకు పోయాయి. కమ్మలు విప్పింది. ముక్కుపుడక మర తిప్పింది, అది నలభై ఏళ్ళ బిగువు, రావడానికి చాలాసేపు పట్టింది. తర్వాత తల వంచి, మెడలో నుంచి తాళి తీసి కోడలి చేతిలో పెట్టింది.

"ఎముక మీద పడుతుందంట కదా," అంది.